ఫిషర్ పుండు మానే దాకా: మొదటి రోజు నుంచి ఎనిమిదో వారం వరకు ఏమి చేయాలి

"విరేచనానికి కూర్చుంటే గాజుపెంకుతో కోసినట్టు నొప్పి వస్తోంది, లేచి వచ్చాక కూడా గంటల తరబడి మంట ఆగడం లేదు, నాకు మొలలు వచ్చాయా?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. అడిగే మాటలు మారుతాయి గాని, వారు చెప్పే నొప్పి తీరు మాత్రం మారదు. ఆ తీరును బట్టి చూస్తే వారిలో ఎక్కువ మందిని బాధిస్తున్నది మొలలు కాదు, ఫిషర్. అంటే మలద్వారపు అంచున ఉండే పలుచని చర్మం నిలువుగా చీలి ఏర్పడిన చిన్న పుండు. ఒకప్పుడు నేను కూడా దీనిని మొలలనే అనుకుని, మందుల దుకాణంలో మొలల పూతమందు అడిగి తెచ్చుకుని, ఎవరికీ చెప్పుకోలేక నెలన్నర పాటు దానితోనే నెట్టుకొచ్చాను. ఆ నెలన్నరలో చేయవలసి ఉండి నేను చేయని పనులనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

సిద్ధాంతం ఒక్క పేరాకు మించి అవసరం లేదు. మలద్వారం చుట్టూ, మన ప్రమేయం లేకుండా ఎప్పుడూ బిగువుగా ఉండే లోపలి కండరం ఒకటి ఉంటుంది. గట్టి మలం వల్ల చర్మం చీలినప్పుడు ఆ నొప్పికి ఈ కండరం ఇంకా బిగుసుకుంటుంది, బిగుసుకున్నప్పుడు చీలికకు రక్తం సరిగా అందదు, రక్తం అందని పుండు మానదు. నొప్పికి భయపడి విరేచనాన్ని ఆపుకుంటే మలం మరింత గట్టిపడి, మరునాడు అదే చోట మళ్ళీ చీలుస్తుంది. కాబట్టి మీరు చేయవలసిన పనులు రెండే: మలం మెత్తగా ఉండేలా చూడడం, ఆ కండరం సడలేలా చూడడం. కింద చెప్పినవన్నీ ఈ రెండింటి కోసమే.

సమకూర్చుకోవలసినవి

- ఇసబ్‌గోల్ పొట్టు. రుచి, రంగు, చక్కెర కలపనిది అయితే మంచిది.
- నడుము కింది భాగం మునిగేలా కూర్చోవడానికి వీలైన వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, లేదా కమోడ్ మీద అమర్చుకునే సిట్జ్ బాత్ బేసిన్.
- మెత్తని పాత నూలు గుడ్డలు, ఉతికి ఆరబెట్టినవి.
- పెట్రోలియం జెల్లీ, పలుచని చేతి తొడుగులు.
- వెస్టర్న్ కమోడ్ వాడేవారికి పాదాల కింద పెట్టుకునే చిన్న పీట.
- ఒక చిన్న నోటుపుస్తకం. దీనిని చాలామంది పక్కన పెట్టేస్తారు, కాని ఎందుకు కావాలో ఎనిమిదో అంచెలో మీకే తెలుస్తుంది.

1. ముందుగా, ఇది ఫిషరేనా అని చూసుకోండి

ఫిషర్ నొప్పి విరేచన సమయంలో కోసినట్టుగా మొదలై, తరువాత మంటగానో లాగుతున్నట్టుగానో కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల వరకు ఉంటుంది, ఆపైన మళ్ళీ విరేచనానికి వెళ్ళే వరకు దాదాపుగా ఉండదు. రక్తం ఎర్రగా, తాజాగా, మలం మీద గీతలా గాని నాలుగైదు చుక్కలుగా గాని కనిపిస్తుంది. మొలల్లో సాధారణంగా రక్తం పడుతుంది గాని ఇంత నొప్పి ఉండదు. నొప్పి విరేచనంతో సంబంధం లేకుండా పగలూ రాత్రీ పోటు పెడుతూ, జ్వరమో వాపో ఉంటే అది చీముగడ్డ కావచ్చు. ఎప్పుడూ తడిగా ఉండి, పక్కన ఉన్న చిన్న రంధ్రం నుంచి చీము కారుతుంటే భగందరం, అంటే ఫిస్టులా కావచ్చు. ఈ రెండింటికీ ఇంట్లో చేయగలిగిన వైద్యం లేదు.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటి ఉంది. చీలిక కొన్ని వారాలు మానకుండా ఉంటే దాని బయటి కొన వద్ద చర్మం చిన్న తోకలా పెరుగుతుంది. కడుక్కునేటప్పుడు అది చేతికి తగులుతుంది, వెంటనే "మొల బయటికి వచ్చింది" అని నిర్ణయానికి వచ్చేస్తాము. అది మొల కాదు, పాతబడిన ఫిషర్‌కు గుర్తు. చీలిక మానిన తరువాత కూడా ఆ తోక అలాగే ఉండిపోవచ్చు, ఇబ్బంది పెట్టకపోతే దానిని తీయించుకోనవసరం లేదు.

వీలైతే మొదటి వారంలోనే ఒకసారి సర్జన్‌కు చూపించండి. పిరుదులను మృదువుగా పక్కకు జరిపి చూస్తే చాలాసార్లు చీలిక కంటికే కనిపిస్తుంది. బాగా నొప్పి ఉన్న రోజుల్లో లోపలికి వేలు గాని గొట్టం గాని పెట్టి చూడడం అవసరం లేదు, ఆ పరీక్షను నొప్పి తగ్గిన తరువాతకు వాయిదా వేయమని మీరు నిస్సంకోచంగా అడగవచ్చు. మహిళలు సిగ్గుపడి నెలల తరబడి దాచుకుంటున్నారని నాకు తెలుసు. మహిళా సర్జన్ కావాలని ముందే అడిగి అపాయింట్‌మెంట్ తీసుకోవడంలో తప్పేమీ లేదు.

2. ఇంటి వైద్యంతో ఆగకూడని వారు ఎవరో తెలుసుకోండి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగిలిన అంచెలకంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి: జ్వరం, చీము, పెరుగుతున్న వాపు, మూత్రం రాకపోవడం, గడ్డలుగా లేదా ధారగా రక్తం పడడం, తారులా నల్లని మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, కొన్ని వారాలుగా విరేచనపు అలవాటు మారిపోవడం, రక్తహీనత, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారుండడం. వయసు 45 దాటిన వారు రక్తం పడడానికి ఫిషరే కారణమని తమంతట తాము తేల్చుకోకూడదు.

చీలిక ఉన్న చోటు కూడా చాలా విషయం చెబుతుంది. మామూలు ఫిషర్ ఎక్కువగా వెనక మధ్య గీతలో, అంటే వెన్నెముక కొన వైపు ఉంటుంది, స్త్రీలలో కొందరికి ముందు వైపు మధ్యలో వస్తుంది. పక్కలకు ఉన్నా, ఒకటికంటే ఎక్కువ ఉన్నా, నొప్పి లేకుండా పెద్దగా ఉన్నా, క్షయ, క్రోన్స్ వ్యాధి (పేగుల్లో దీర్ఘకాలం ఉండే వాపు జబ్బు), హెచ్‌ఐవీ, సిఫిలిస్, క్యాన్సర్ వంటి వేరే కారణాలు వెతకవలసి ఉంటుంది. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ మాటను తేలికగా తీసుకోకండి.

3. మలాన్ని మెత్తబరచండి, మెత్తగానే ఉంచండి

వైద్యమంతా నిలబడేది ఈ అంచె మీదే. పూతమందు మరిచిపోయిన రోజు పెద్ద నష్టం ఉండదు గాని, ఒక్క రోజు గట్టి మలం వచ్చిందంటే రెండు వారాలుగా కూడుకుంటున్న చర్మం తిరిగి చీలుతుంది.

ఇసబ్‌గోల్‌ను ఒక టీస్పూనుతో మొదలుపెట్టండి. నిండు గ్లాసు నీళ్ళలో కలిపి, అది చిక్కబడి జావలా మారక ముందే తాగేసి, పైన మరొక గ్లాసు నీళ్ళు తాగండి. మూడు నాలుగు రోజుల తరువాత రెండు టీస్పూన్లకు, అవసరమైతే రోజుకు రెండు పూటలకు పెంచండి. మొదటి వారంలో కడుపు ఉబ్బరం, గ్యాస్ ఉంటాయి, అవి క్రమంగా సర్దుకుంటాయి. ఫలితం కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది కనుక, మొదటి రాత్రి వేసుకుని తెల్లవారేసరికి తేడా లేదని మానేయకండి.

హెచ్చరిక: ఇసబ్‌గోల్‌ను పొడిగా నోట్లో వేసుకోకూడదు, తక్కువ నీళ్ళతో మింగకూడదు. అది గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. మింగడం కష్టంగా ఉన్నవారు, పేగు సన్నబడిందని లోగడ డాక్టరు చెప్పినవారు దీనిని వాడకూడదు. ఇతర మాత్రలకు, దీనికి మధ్య రెండు గంటల తేడా ఉంచండి.

ఇసబ్‌గోల్ సరిపడని వారికి ప్రత్యామ్నాయాలు లాక్టులోజ్ సిరప్, పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి. ఇవి మలంలో నీటిని నిలిపి మెత్తబరుస్తాయి, డాక్టరు చెప్పిన మోతాదులో వారాల తరబడి వాడవచ్చు. ఆముదం మాత్రం తాగకండి. మన ఇళ్ళలో పెద్దవారు ముందుగా చెప్పే మందు అదే గాని, అది నీళ్ళ విరేచనాలు తెప్పిస్తుంది, పదేపదే వెళ్ళవలసి రావడం కూడా చీలికను రేపుతుంది. సునాముఖి ఆకు కలిసిన చూర్ణాలూ, బిసాకోడిల్ మాత్రలూ పేగును బలవంతంగా కదిలించేవి; ఒకటి రెండు రోజుల అవసరానికి సరిపోతాయి గాని, రోజువారీ అలవాటుకు పనికిరావు. "ఆయుర్వేద చూర్ణమే కదా" అని డబ్బా మీద ఏముందో చూడకుండా నెలల తరబడి వాడేవారు చాలామంది ఉన్నారు, ముందుగా ఆ జాబితాలో సునాముఖి ఉందేమో చదవండి.

ఇక తిండి. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు అందాలి. మనం మూడు పూటలా తెల్ల అన్నం, ఇడ్లీ, దోసె, ఉప్మా తింటూ కూరను నంజుకోవడానికి మాత్రమే వేసుకుంటే అది అందదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే ఉంటుంది, అదే తూకం జొన్నల్లో సుమారు 10 గ్రాములు, రాగుల్లో సుమారు 11 గ్రాములు ఉంటుంది. కాబట్టి ఒక పూట అన్నం మార్చి జొన్నరొట్టె గాని రాగిసంకటి గాని తినండి, మరొక పూట అన్నం తగ్గించి కూర రెండింతలు చేసుకోండి. తోటకూర పప్పు, పాలకూర పప్పు, బీరకాయ, సొరకాయ, చిక్కుడు, బెండ, గోరుచిక్కుడు అన్నీ మంచివే. పండ్లలో జామ, బొప్పాయి సులువుగా దొరుకుతాయి. జామగింజలు పుండులో ఇరుక్కుంటాయన్న భయం పెట్టుకోవద్దు, బాగా నమిలి తింటే చాలు. పీచును ఒక్కసారిగా కాక వారం పది రోజుల్లో నెమ్మదిగా పెంచండి.

నీళ్ళు రోజంతా కలిపి రెండు నుంచి రెండున్నర లీటర్లు, ఎండాకాలంలో అంతకంటే ఎక్కువ తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం తమ డాక్టరు పెట్టిన పరిమితిని దాటకూడదు. పీచు పెంచి నీళ్ళు పెంచకపోతే మలం ఇంకా గట్టిపడుతుంది. "ఇసబ్‌గోల్ వేసుకుంటే నాకు మరింత బిగిసింది" అని చెప్పేవారిని అడిగి చూస్తే దాదాపు ఎప్పుడూ నీళ్ళ దగ్గరే లోపం బయటపడుతుంది.

కారం గురించి ఒక మాట. ఎండుమిర్చి మలబద్ధకాన్ని తేకపోవచ్చు గాని, దాని ఘాటు పూర్తిగా అరగకుండా పుండు దాకా వచ్చి మంట పెడుతుంది. ఆవకాయ, పండుమిరప పచ్చడి, మిరపకాయ బజ్జీ, కారప్పొడి ఈ ఎనిమిది వారాలు పక్కన పెట్టండి. కూరల్లో కారాన్ని సగానికి తగ్గించండి, మిరియాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇంట్లో అందరికీ ఒకే కూర వండే చోట ఇది కష్టమేనని తెలుసు. కారం వేయక ముందే మీ వాటాను ఒక గిన్నెలోకి తీసిపెట్టమని అడగడం అన్నిటికంటే సులువైన ఉపాయం.

వాడుతున్న మాత్రలను కూడా ఒకసారి చూసుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గుమందులు, ట్రామడాల్ వంటి నొప్పి మాత్రలు, అమిట్రిప్టిలిన్, వెరాపమిల్ మలాన్ని బిగిస్తాయి. వాటిని మీ అంతట మీరు మానేయకుండా, మార్చడానికి వీలుందేమో రాసిన డాక్టరునే అడగండి. ఫిషర్ నొప్పికి ట్రామడాల్ తెచ్చుకుని మింగడం నిప్పు మీద నెయ్యి పోయడమే. పారాసిటమాల్ చాలా మందికి సరిపోతుంది.

4. విరేచనాన్ని ఆపుకోకండి, అక్కడ ఎక్కువసేపు కూర్చోకండి

నొప్పికి భయపడి రేపటికి వాయిదా వేయాలనిపించడం సహజమే. నేనూ అలా మూడు రోజులు ఆపుకున్నాను, నాలుగో రోజు పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది. కదలిక వచ్చినప్పుడు పది నిమిషాలకు మించి ఆపకండి. ఉదయం టిఫిను తిన్న తరువాత, కాఫీ తాగిన తరువాత పేగులో సహజంగానే కదలిక పెరుగుతుంది, ఆ సమయాన్ని వాడుకోండి.

నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి రోజుల్లో, వెళ్ళడానికి ఐదు పది నిమిషాల ముందు డాక్టరు రాసిన, తాకిన చోటును మొద్దుబార్చే లిగ్నోకైన్ జెల్లీని అంచున కొద్దిగా రాసుకోండి. అది లేకపోతే పెట్రోలియం జెల్లీ కనీసం రాపిడిని తగ్గిస్తుంది. కమోడ్ మీద కూర్చునేవారు పాదాల కింద పీట పెట్టుకుని, మోకాళ్ళు తుంటికంటే ఎత్తులో ఉండేలా చూసి, కొద్దిగా ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించండి. నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ పొట్టను ముందుకు వదులుగా ఉంచండి. ఊపిరి బిగబట్టి ముక్కకండి. ఇండియన్ టాయిలెట్ వాడేవారికి భంగిమ సహజంగానే సరిగ్గా ఉంటుంది, అయినా ఎక్కువసేపు కూర్చోకూడదన్న నియమం వారికీ వర్తిస్తుంది.

ఐదు నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయండి, మళ్ళీ కదలిక వచ్చినప్పుడు వెళ్ళవచ్చు. ఫోను లోపలికి తీసుకుపోకండి. ఇంకా కొంచెం మిగిలిందన్న భావన ఫిషర్‌లో తరచుగా ఉంటుంది, అది చాలావరకు బిగుసుకున్న కండరం వల్ల కలిగేది. దానిని నమ్మి మళ్ళీ మళ్ళీ ముక్కితే చీలిక పెరుగుతుంది.

5. గోరువెచ్చని నీళ్ళలో కూర్చోండి

విరేచనం అయిన వెంటనే ఒకసారి, ఆపైన రోజులో మరో రెండుసార్లు, ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు. నీళ్ళు మోచేతితో చూస్తే హాయిగా అనిపించేంత వెచ్చగా ఉంటే చాలు. వేడి ఎక్కువైతే మందు ఎక్కువ పనిచేస్తుందనుకోవద్దు, చర్మం కాలుతుంది. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు ఇంట్లో మరొకరితో నీళ్ళను చూపించుకోవాలి. డెట్టాల్, ఉప్పు, పసుపు, పొటాషియం పర్మాంగనేట్ ఏవీ కలపనవసరం లేదు. పర్మాంగనేట్ పలుకులు సరిగా కరగకపోతే చర్మాన్ని కాలుస్తాయి కూడా. కండరాన్ని సడలించేది వెచ్చదనమే.

ఉద్యోగానికి వెళ్ళేవారికి మధ్యాహ్నం ఇది కుదరదు. ఉదయం విరేచనం తరువాత చేసేదాన్ని మాత్రం వదలకండి, అవసరమైతే అరగంట ముందు లేవండి.

6. కడగడం, తుడవడం

జెట్ స్ప్రేను పూర్తి ఒత్తిడితో చీలిక మీదికి కొట్టడం చాలామంది గమనించకుండా చేసే తప్పు. మగ్గుతో నీళ్ళు పోసుకోండి, లేదా స్ప్రేను దూరంగా, సన్నగా వదలండి. సబ్బు వాడకండి. తరువాత మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దకండి. టిష్యూ కాగితం తప్పనిసరి అయిన చోట, విదేశాల్లో ఉన్నవారికి ఇది రోజూ ఎదురయ్యేదే, దానిని నీటితో తడిపి వాడండి. సువాసన కలిపిన తడి వైప్స్ వద్దు.

7. పూతమందును సరిగ్గా, పూర్తి గడువు దాకా వాడండి

పదిహేను రోజులు పై అంచెలన్నీ పాటించినా తగ్గుదల లేకపోతే, లేదా చీలిక వచ్చి ఇప్పటికే ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటితే, కండరాన్ని సడలించే పూతమందు అవసరమవుతుంది. సాధారణంగా రాసేవి 2 శాతం డిల్టియాజెమ్, నిఫెడిపిన్ లిగ్నోకైన్ కలిసినది, లేదా 0.2 నుంచి 0.4 శాతం వరకు ఉండే నైట్రోగ్లిజరిన్. ఇవి డాక్టరు చీటీతో వాడవలసినవి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రక్తపోటు లేదా గుండె మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

రాసుకునే పద్ధతి ఇది: తొడుగు వేసుకున్న వేలి కొన మీద బఠాణీ గింజంత మందు తీసుకుని, మలద్వారపు అంచు చుట్టూ, లోపలికి ఒక సెంటీమీటరు వరకు మాత్రమే మృదువుగా రాయాలి. రోజుకు రెండుసార్లు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. చీలిక లోపలికి వేలు గుచ్చి రుద్దడం, ట్యూబు ముక్కును లోతుగా దూర్చడం కొత్త గాయాలను చేస్తాయి.

నైట్రోగ్లిజరిన్ రాసిన కొద్దిసేపటికే తలనొప్పి రావడం చాలా మామూలు, కొందరికి కళ్ళు తిరుగుతాయి. పడుకుని రాసుకుని, కొంతసేపు అలాగే ఉండండి. సిల్డెనాఫిల్ వంటి పురుషుల సమస్యల మాత్రలు వాడేవారు దీనిని ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. తలనొప్పి భరించలేకపోతే మందు మానేసి ఊరుకోకుండా, డిల్టియాజెమ్‌కు మార్చమని అడగండి. దానితో తలనొప్పి తక్కువ, కొందరికి దురద మాత్రం వస్తుంది.

మొలల కోసం అమ్మే పూతమందుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దానిని వారం దాటి వాడితే చర్మం పలచబడుతుంది, ఫిషర్‌కు అది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. నా నెలన్నర పోయింది సరిగ్గా ఇక్కడే.

8. రాసుకోండి, ఫలితాన్ని కొలుచుకోండి

రోజూ మూడే విషయాలు రాయండి: మలం ఎలా ఉంది, విరేచనం తరువాత నొప్పి ఎన్ని నిమిషాలు ఉంది, రక్తం పడిందా లేదా. మలాన్ని కొలవడానికి 1997లో వెలువడిన బ్రిస్టల్ పట్టిక బాగా ఉపయోగపడుతుంది. అందులో 1, 2 రకాలు మేకపెంటికల్లా, గడ్డకట్టినట్టు ఉండేవి. 3, 4 రకాలు అరటిపండులా పొడవుగా ఉండేవి, 3 మీద పగుళ్ళు ఉంటాయి, 4 నునుపుగా ఉంటుంది. 6, 7 రకాలు పలుచనివి. మీకు కావలసింది 4. పల్చబడి 6కు పోతుంటే ఇసబ్‌గోల్‌ను కాదు, లాక్టులోజ్ వంటి సిరప్ మోతాదును తగ్గించుకోవాలి.

మొదట మారేది రక్తం కాదు, నొప్పి ఉండే సమయం. మూడు గంటలు ఉన్నది గంటన్నరకు, తరువాత ఇరవై నిమిషాలకు దిగితే మీరు సరైన దారిలోనే ఉన్నారు, మధ్యలో ఒక చెడ్డ రోజు వచ్చినా కంగారు పడనవసరం లేదు. నోటుపుస్తకం అవసరం ఇక్కడే తెలుస్తుంది. నొప్పిలో ఉన్న రోజున గత వారం ఎలా ఉందో ఎవరికీ గుర్తుండదు.

కొత్తగా వచ్చిన చీలికల్లో దాదాపు సగం ఈ జాగ్రత్తలతోనే మానుతాయి. ఎక్కువ మంది దెబ్బతినేది మాత్రం రెండు మూడు వారాలకు నొప్పి పోయిన తరువాత. నొప్పి పోవడం వేరు, పుండు మానడం వేరు. పైకి కూడుకున్న చర్మం ఇంకా లేతగా ఉన్నప్పుడే ఇసబ్‌గోల్ ఆపేసి, ఒక పెళ్ళి భోజనం చేసి, ఒక రాత్రి బస్సు ప్రయాణం చేసి, మళ్ళీ మొదటికి వచ్చినవారు నాకు తెలిసి ఎంతమందో. నొప్పి పూర్తిగా పోయిన రోజు నుంచి మరో మూడు నెలల పాటు మలాన్ని మెత్తగా ఉంచే పనిని ఆపకండి.

బాలింతలకు ప్రత్యేకంగా

కాన్పు తరువాత ఫిషర్ రావడం తరచుగా జరిగేదే. మన ఇళ్ళలో పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు కొలిచి ఇవ్వడం, ఆకుకూరలూ పండ్లూ ఆపేయడం, కారప్పొడి అన్నం పెట్టడం ఇంకా చాలా చోట్ల ఉంది. దానికి ఐరన్ మాత్రలు తోడవుతాయి. పాలిచ్చే తల్లికి నీళ్ళు మరింత అవసరం, కూరలు, పండ్లు బిడ్డకు జలుబు చేయవు. అత్తగారితో, అమ్మతో వాదించలేని పరిస్థితి ఉంటే డాక్టరు చేత వారికి నేరుగా చెప్పించండి. చీటీ మీద రాయించుకుంటే ఇంకా మంచిది. ఇసబ్‌గోల్, లాక్టులోజ్ ఈ సమయంలోనూ సాధారణంగా వాడదగినవే, అయినా మోతాదును డాక్టరుతో ఖాయం చేసుకోండి.

9. ఎనిమిది వారాలకు మానకపోతే

ఇది మీ తప్పు కాదు, చీలిక పాతబడితే కండరపు బిగువు అంత తేలికగా వదలదు. రెండు దారులు ఉన్నాయి. ఒకటి, కండరాన్ని కొంతకాలం సడలించే బోటాక్స్ మందును అందులోకి ఇంజెక్షన్‌గా ఇవ్వడం. దాని ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది, కోత ఉండదు, కాని తిరగబెట్టే అవకాశం శస్త్రచికిత్సకంటే ఎక్కువ. రెండవది, లోపలి కండరంలో కొద్ది భాగాన్ని పక్క నుంచి కోసి బిగువు తగ్గించే లేటరల్ స్ఫింక్టరాటమీ. దీనితో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మానుతుంది, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్ళిపోతారు. కొద్దిమందికి మాత్రం గాలిని, అరుదుగా మలాన్ని ఆపుకునే పట్టు తగ్గవచ్చు. కష్టమైన కాన్పు అయిన స్త్రీలు, లోగడ ఆ భాగంలో ఆపరేషన్ అయినవారు ఈ సంగతిని సర్జన్‌తో విడిగా మాట్లాడాలి.

ఒప్పుకోవడానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ కండరాన్ని ఎంత మేరకు కోస్తారు, నా విషయంలో పట్టు తగ్గే అవకాశం ఎంత, పూతమందును పూర్తి గడువు వాడి చూశామా. "లేజర్" అన్న మాట వాడే పరికరాన్ని చెబుతుందే గాని చేసే పనిని చెప్పదు, కాబట్టి ఆ మాట విన్నా ఇవే ప్రశ్నలు అడగండి. మత్తు ఇచ్చి వేళ్ళతో మలద్వారాన్ని బలంగా సాగదీసే పాత పద్ధతికి ఒప్పుకోకండి. కండరం అడ్డదిడ్డంగా చిరిగి పట్టు పోయే ప్రమాదం వల్ల దానిని ఇప్పుడు సిఫారసు చేయరు. అర్హత లేని చోట్ల "ఒక్క ఇంజెక్షన్‌తో శాశ్వత నివారణ" అని, లేదా ఏదో మందు పూసి కాల్చేస్తామని చెప్పేవారి దగ్గరికి అసలే వెళ్ళకండి. ఆ కాలిన మచ్చ మలద్వారాన్ని సన్నబరిస్తే, దానిని సరిచేయడం ఫిషర్‌ను మాన్పడంకంటే చాలా కష్టం.

10. మళ్ళీ రాకుండా, వచ్చినా ముదరకుండా

ప్రయాణాల్లో బాత్రూము దొరకదని నీళ్ళు తాగకుండా ఉండడం, ముఖ్యంగా బస్సుల్లో వెళ్ళే ఆడవారిలో, తిరగబెట్టడానికి పెద్ద కారణం. ఇసబ్‌గోల్ ప్యాకెట్లు, నీళ్ళ సీసా సంచిలో ఉంచుకోండి, దిగిన చోట ముందు రెండు గ్లాసులు తాగండి. రోజూ అరగంట నడవండి. బరువులెత్తే వ్యాయామాన్ని, మలద్వారం ద్వారా లైంగిక సంపర్కాన్ని పూర్తిగా మానే వరకు ఆపండి.

ఎప్పుడైనా మళ్ళీ కోసినట్టు అనిపిస్తే, రేపు చూద్దామనుకోకుండా ఆ పూటే ఇసబ్‌గోల్‌ను పెంచండి, కారం ఆపండి, గోరువెచ్చని నీళ్ళలో కూర్చోండి. మొదటి రెండు రోజుల్లో పట్టుకున్న చీలిక తరచుగా వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. రెండు వారాలు గడిచినా నొప్పి ఉండే సమయం తగ్గకపోతే, పాత పూతమందు ట్యూబును వెతికి మళ్ళీ మొదలుపెట్టకుండా, మీ నోటుపుస్తకాన్ని తీసుకుని సర్జన్ దగ్గరికి వెళ్ళండి.